అసిటోను సీసా వెనుక కథ

మార్కాపురం పేరు చెప్పగానే అందరికీ పలకలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడ డిగ్రీ చదివినప్పటి రసాయనశాల, అందులోని అసిటోను వాసన గుర్తొస్తాయి.

మా పడమటి ప్రాంతపు బోరునీటిలో లవణాలు మెండు. ఫ్లోరైడు సంగతి లోకానికి తెలిసిందే. ఆ నీటితో కడిగిన ఫ్లాస్కు ఆరితే లోపల తెల్లని చారలు తేలేవి. అందుకని ఒకసారి స్వేదనజలంతో తొలిచి, చివరన కాస్త అసిటోను పోసి తిప్పి ఒంపేసేవాళ్ళం. నిమిషంలో గాజు పొడిగా ఆరిపోయేది. ఒకనాడు స్వేదనజలం నిండుకుంటే అసిటోనుతోనే సరిపెట్టబోయాను. చారలు చెక్కుచెదరలేదు. "లవణాన్ని కరిగించేది నీరు నాయనా, అసిటోను ఆ నీటిని వెంటబెట్టుకుని పోతుందంతే" అన్నారు మా లెక్చరరుగారు.

ఆ పని దానికి అబ్బిన కారణం అణువులోనే ఉంది. నడుమ ఆక్సిజనుతో జతకట్టిన కర్బనం నీటితో చెలిమి చేస్తుంది. ఇరుపక్కల ఉన్న మిథైల్ సమూహాలు జిడ్డుతోనూ, సేంద్రియ పదార్థాలతోనూ కలుస్తాయి. మరిగేది 56 డిగ్రీల సెల్సియస్ వద్దే కనుక ఊరకే ఆవిరైపోతుంది. అయితే గ్రిన్యార్ కారకాల వంటివాటి దగ్గరకు దానిని రానివ్వరాదు. ద్రావణిగా ఉండక తానే చర్యలో దూరుతుంది.

కానీ గుణం ఉన్నంత మాత్రాన ఏ ద్రవమూ ప్రతి బల్లమీదికీ చేరదు. చవకగా కూడా దొరకాలి. అసలు చరిత్ర అక్కడే ఉంది.

మావైపు సర్కారుతుమ్మ కట్టెను బొగ్గుచేసే బట్టీలను చూసినవారికి ఆ ఘాటైన పొగ తెలుసు. అందులో అసిటిక్ ఆమ్లం ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పాశ్చాత్యులు అటువంటి పొగను చల్లార్చి, సున్నంతో కలిపి, వచ్చిన కాల్షియం అసిటేటును కాల్చి అసిటోను తీసేవారు. కట్టె బండ్లకొద్దీ పోసినా దక్కేది కొద్దిగానే.

1889లో ఏబెల్, డ్యూవర్ అనే ఇద్దరు కార్డైట్ అనే తుపాకిమందును కనిపెట్టారు. దాని తయారీకి అసిటోను కావాలి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటనుకు అది చాలక, మాంచెస్టరులో ఉన్న వైజ్‌మన్ అనే రసాయనవేత్త మొక్కజొన్న పిండిని సూక్ష్మజీవితో పులియబెట్టి తీసే పద్ధతిని చూపాడు. తిండిగింజలకే కటకట వచ్చిన 1917లో బడిపిల్లల చేత గుర్రపు చెస్ట్‌నట్ కాయలు ఏరించారు! తాము ఏరుతున్నది ఫిరంగులకని ఆ పిల్లల్లో ఎందరికి తెలుసునో. తరువాత వైజ్‌మన్ ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడయ్యాడు; అది వేరే కథ.

మనకు తెలిసిన చవక అసిటోను మాత్రం యుద్ధపు బిడ్డ కాదు, ఫినాలుకు తోబుట్టువు. 1944లో హాక్, లాంగ్ అనే జర్మనులు ప్రకటించిన క్యుమీన్ పద్ధతిలో టన్ను ఫినాలుతోపాటు సుమారు 0.6 టన్ను అసిటోను వద్దన్నా పుడుతుంది. ప్లైవుడ్ జిగురుకు, ప్లాస్టిక్కుకు ఫినాలు అడిగినకొద్దీ ఇదీ పోగుపడుతుంది. మన దేశంలో కొచ్చి దగ్గరి అంబలముగళ్‌లోనూ, 2018 నుండి గుజరాత్‌లోని దహేజ్‌లోనూ ఇదే జంట ఉత్పత్తి.

మా రసాయనశాలలో అసిటోను ఏనాడూ కొరతపడినట్లు జ్ఞాపకం లేదు. లీటరు స్వేదనజలం పట్టడానికి మాత్రం, ఆవిరిని చల్లార్చే గొట్టం చుట్టూ ఎన్నో లీటర్ల నీరు పారాలి. వేసవిలో ఆ నీటి కోసం ట్యాంకరు వచ్చేదాకా ప్రాక్టికల్సు ఆపి కూర్చునేవాళ్ళం.