గనిలో పుట్టి గోడకెక్కింది

ఇంటి కరెంటు పెట్టెలో (డీబీలో) ఎంసీబీ స్విచ్చుల పక్కన, బుల్లి టెస్ట్ బటన్‌తో ఉండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీకి మన ఊళ్లలో మంచి పేరు లేదు. వాన పడితే పడిపోతుంది, గీజరు వేస్తే పడిపోతుంది. "ఊరికే ట్రిప్ అవుతోందండీ, డైరెక్ట్ చేసేద్దామా" అని ఎలక్ట్రీషియన్ అడగడమూ, ఇంటాయన తలూపడమూ మామూలే. కానీ అంత చిన్నదానికే పడిపోయే గుణం దానికి కావాలని పెట్టిందే.

దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా బంగారు గనులు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రాలేదంటే మిగతాది ఎక్కడో భూమిలోకి పోతున్నట్టు. ఈ సూత్రం అప్పటికే పాతది. అయితే ఆనాటి పరికరాలు కదలాలంటే సుమారు 10 ఆంపియర్ల తేడా రావాలి. ఆలోగా మనిషి ప్రాణం పోతుంది. జొహానెస్‌బర్గ్ దగ్గర ఆల్బర్టన్‌లో ఇంజనీరుగా ఉన్న హెన్రీ రూబిన్ 1955లో దాన్ని 250 మిల్లీ ఆంపియర్లకు దించాడు. గనుల్లో బాగానే పనిచేసింది గానీ, మనిషి లెక్కకు అదీ ఎక్కువే. అమెరికాలో బర్క్‌లీ ప్రొఫెసర్ చార్ల్స్ డాల్జీల్ ప్రయోగాల్లో, పట్టుకున్న తీగను మగవాడు తనంతట తాను వదలగలిగే హద్దు సగటున 16 మిల్లీ ఆంపియర్లని తేలింది, ఆడవాళ్లకు 10.5. రూబిన్ 1956లో చేసిన కొత్త నమూనా 12.5 నుంచి 17.5 లోపే పడిపోయేది. స్టిల్‌ఫాంటీన్ గని కాలనీలో ఒకామె ఇంట్లోనే షాక్ కొట్టి చనిపోయాక, 1957, 58లలో అక్కడ కొన్ని వందల ఇళ్లకు 20 మిల్లీ ఆంపియర్ల యూనిట్లు బిగించారు.

అంత తక్కువ తేడాకే కదిలేదానికి, ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియదు. పిడుగు పడ్డప్పుడు లైన్లో ఒక్క క్షణం ఎగసే వోల్టేజీకి భూమిలోకి కాస్త కరెంటు జారినా పడిపోతుంది. ఆస్ట్రియా వాళ్లు అందుకే 'జి' రకం తెచ్చుకున్నారు. కనీసం 10 మిల్లీసెకన్లు ఆగి చూస్తుందది.

మన ఇళ్ల బాధ వేరు. మీద 30 మిల్లీ ఆంపియర్లని రాసి ఉన్నా, ప్రమాణాల ప్రకారం 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. కంప్యూటరూ, వాషింగ్ మెషినూ తలా కాస్త లీక్ చేస్తూనే ఉంటాయి. పైన పాత గీజరు కాయిల్‌లోకి తేమ చేరిందంటే ఇక చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా తుంటరిది ఇల్లు కట్టిన తర్వాతెప్పుడో పెట్టిన ఇన్వర్టర్. దాని ఫేజు ఆర్‌సీసీబీ తర్వాత తీసుకుని, న్యూట్రల్ మాత్రం అంతకు ముందే కలిపేస్తారు. ఇక ఫ్యాను వేసినా అది లీకేజీ కిందే లెక్క.

లోపం ఏ లైన్లో ఉందో కనిపెట్టడానికి ఎంసీబీలన్నీ దించి ఒక్కొక్కటే ఎత్తి చూడటం అందరూ చేసేదే. కానీ మన ఎంసీబీల్లో చాలావరకు ఫేజునే తెంచుతాయి. ఒక లైన్లో న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతుంటే, ఆ ఎంసీబీ దించి ఉన్నా పక్క లైను లోడుకే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అప్పుడు మెయిన్ ఆపించి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో తీగా విప్పించి చూడాల్సిందే. లోపమేదీ దొరకక, లీకేజీల మొత్తమే ఎక్కువని తేలితే ఇంటిని రెండు ఆర్‌సీసీబీల కింద పంచాలి. న్యూట్రల్ బార్లూ రెండు కావాలి, కలవకూడదు.