కిక్కు రాడ్డే గేరు రాడ్డు

మంట దగ్గరికి జరుగు నాన్నా, మంచు దిగుతోంది. ఆ కొబ్బరి మట్ట కూడా ఎగదొయ్యి. పొద్దుటి నుంచీ చూస్తున్నాను, గొడ్లచావిట్లో ఉన్న యెజ్డీ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నావు. ఫోన్లో ఏదో బండి బొమ్మ చూపించి దీన్ని డర్ట్ బైక్ చేసేస్తా తాతయ్యా అన్నావు. చెయ్యి, కాదనను. కానీ మా రోజుల్లో ఈ కాలవగట్టు మీద తిరిగిన ప్రతి బండీ మట్టి బండే. దానికి వేరే పేరు పెట్టాలని మాకు తోచలేదు, అంతే.

వానాకాలపు నల్లరేగడి సంగతి నీకేం తెలుసు? నాలుగు బారలు పోయేసరికి ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం మొరాయించేది. అందుకని వెంట ఒక తుమ్మపుల్ల ఉండాల్సిందే. దిగడం, గీకడం, ఎక్కడం, మళ్లీ దిగడం. మూడు మైళ్లకు గంట పట్టేది. కుర్రకారు మడ్‌గార్డును నాలుగంగుళాలు పైకెత్తి బిగించుకునేవాళ్లు. నీ ఫోన్లో బండికి మడ్‌గార్డు అంత ఎత్తున ఎందుకుందనుకున్నావు? అదే రోగం, అదే మందు.

ఈ బండిని నేను 1977లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మినుములమ్మిన డబ్బు పంచె కొంగున కట్టుకుని బెజవాడ వెళ్లాను. పెట్రోలు అప్పుడు లీటరు నాలుగు రూపాయల లోపే. అదీ ఎక్కువేనని మీ ముత్తాత నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. మైసూరు ఫ్యాక్టరీలో చేసిన బండి ఇది. మొదట చెకోస్లొవేకియా వాళ్ల జావా పేరుతో వచ్చేవి, 1973 నుంచి యెజ్డీ అయ్యాయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చెక్ వాళ్లు బురదకు పుట్టిన జనం అనుకో. ఈ జావాకి తోబుట్టువు లాంటి సీజెడ్ బండి మీద 1964లో జోయెల్ రొబేర్ అని ఓ బెల్జియం కుర్రాడు, ఇరవై ఏళ్లవాడు, మట్టి పందేల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కాబట్టి నీ ఆలోచన మరీ వింతేం కాదు, ఈ వంశంలో ఉన్నదే.

దీనికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ వేరు వేరుగా ఉండవు. ఎడమవైపున్న ఆ రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, తన్నాక కిందికి దించితే గేరు. తెలియనివాడి చేతికిస్తే తాళం అక్కర్లేదు. మీ చిన్నతాత బావమరిది పండక్కొచ్చి, నన్నడక్కుండా బండి తీసి, కిక్కు రాడ్డు ఎక్కడుందో వెతుక్కుంటూ అరుగు చుట్టూ తోసుకు తిరిగాడు. ఆనక రాడ్డు దొరికింది కానీ పెట్రోలు కాక్ తిప్పాలని తోచక అరగంట తన్నాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అన్నారా? అలాగని అరువడిగితే ఇవ్వకుండా ఉండేవాళ్లం కాదు. పురిటి నొప్పులన్నా, జ్వరమన్నా అర్ధరాత్రి తలుపు తీసి ఇచ్చేవాళ్లం. తీసుకెళ్లినవాడు లీటరు పెట్రోలు పోసి, తుడిచి, సందు మొదట్లోనే ఇంజను ఆపి నడిపించుకుంటూ తెచ్చి అప్పజెప్పేవాడు. ఇంట్లో పెద్దవాళ్లు పడుకుని ఉంటారని. పెట్రోలు పోయడమంటే ఊరికే పోయడం కాదు, లీటరుకు 40 మిల్లీ ఆయిల్ కలిపి, బండిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాలి, చల్లకుండ ఊపినట్టు. అది మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది. మీ నాయనమ్మ కాపరానికి వచ్చిన రోజు... సరే, అది ఇంకోసారి చెబుతాలే. ఎక్కడున్నాం? ఆ, నీ డర్ట్ బైక్ దగ్గర. దానికి ముందు దీన్ని బాగుచెయ్యాలి కదా.

నువ్వు చేసే మొదటి తప్పు నాకు ముందే తెలుసు, రంగు కొంటావు. పైన పటారం, లోన లొటారం. నేనూ ఒకసారి టౌన్లో మెకానిక్కుకిస్తే నెలరోజులుంచుకుని మెరిసిపోయేలా చేసి ఇచ్చాడు. పదో రోజున తెల్లటి పొగ కక్కుతూ నడిరోడ్డున ఆగింది. ఆయిల్ సీళ్లు మార్చలేదు. బండి తిరిగితే అరుగుతుంది, నిజమే. కానీ నిలబడితే కుళ్లుతుంది. రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్ ఆయిల్‌ని తాగి తెల్లపొగ వదులుతుంది. డైనమో వైపుది పోతే గాలి పీల్చి, త్రాటిల్ మూసినా అరుస్తూనే ఉంటుంది. రెండూ మార్చాలి, ఇంజను బాగానే పలుకుతున్నా సరే మార్చాలి.

ఇప్పుడు పిస్టన్ పట్టేసి ఉంది, పొద్దున చెయ్యి పెట్టి చూశాను. కిక్కు తన్నకు. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు? ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చిన్న గ్లాసుడు డీజిల్ పోసి, గుడ్డ కప్పి వదిలెయ్. వారం, పది రోజులు. తర్వాత టాప్ గేర్లో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. ఒకరోజు చటుక్కున కదులుతుంది. కదిలిందని స్టార్ట్ చెయ్యకు సుమా, సిలిండర్ దించి చూడాలి. గీతలుంటే బోరింగ్ చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించాలి. దానికి ఆటోనగర్ ఉంది. నేనూ వస్తాను. ధర నేను మాట్లాడతాను, నువ్వు నోరు విప్పకు, నీ చొక్కా చూడగానే రేటు పెంచేస్తారు.

విప్పిన ప్రతి నట్టునూ విప్పిన చోటికే తిరిగి బిగించి ఉంచు, లేదా చిన్న డబ్బాలో వేసి కాగితం రాసి పెట్టు. ట్యాంకు తుప్పుకు చింతపండు నీళ్లు, గుప్పెడు కంకర పోసి కుదుపు. మీ నాయనమ్మ ఇత్తడి బిందెలు మెరిసేది దానితోనే. ఆ రెండు సైలెన్సర్లలో ఉన్న జాలీ గొట్టాలు బయటికి లాగు. ఆయిల్ మసి తారులాగా గడ్డకట్టి ఉంటుంది, బండి ఊపిరాడక చచ్చేది దానితోనే. గీకినా రాదు, ఎర్రగా కాల్చి తట్టాలి. ఇదిగో, ఈ మంటే చాలు. నలభై ఏళ్లు నేను కాల్చింది ఇక్కడే.

మొన్న భోగికి మీ నాన్న ఆ సీటు పట్టుకెళ్లి మంటలో వెయ్యబోయాడు. చేతిలోంచి లాక్కున్నాను. అది అటక మీద గోనెసంచిలో ఉంది, హెడ్‌లైటు రింగు కూడా అందులోనే. ప్లగ్గు స్పానరు నా మంచం కింద పెట్టెలో, డీజిల్ ట్రాక్టర్ షెడ్డులో. పొద్దున నీ బస్సు వెళ్లేలోపు డీజిల్ పోసెయ్. గుడ్డ జారిపోకుండా నేను చూసుకుంటాను. ఉగాదికి రా, చక్రం ఇద్దరం కలిసి ఊపుదాం.