కొండ యెక్కిన కాంటెస్సా

తిరుపతిలో, కొండ మొదట, దీర్ఘదేహముగల పాత కారొకటి వచ్చి నిలిచినచో, యజమాని టెంకాయ కొట్టి కర్పూరము వెలిగించు లోపలనే చుట్టును పదిమంది గుమిగూడుట నేటికిని కద్దు. ఆ పదిమంది అడుగు ప్రశ్నలు మాత్రము నాలుగే: ఇది యే దేశపు బండి, దీని బలమెంత, ఇది కొండ యెక్కునా, ఇట్టి బండి యేల ఆగిపోయెను?

ఆ కారు పేరు కాంటెస్సా. అంబాసిడరును నిర్మించిన హిందుస్థాన్ మోటార్స్ వారే, పశ్చిమ బెంగాలులోని తమ ఉత్తరపారా కర్మాగారమునుండి 1984లో దీనిని విపణికి తెచ్చిరి. పొడవైన ముందుభాగమును, విశాలమైన డిక్కీని చూచి అమెరికా బండియని తలచువారు పెక్కురు. కాని దీని మాతృక ఇంగ్లండులోని వాక్స్‌హాల్ సంస్థ 1970ల దశాబ్దమున నిర్మించిన విక్టర్ అను కుటుంబపు కారు. ఆ వాక్స్‌హాల్ నాడు అమెరికాలోని జనరల్ మోటార్స్ సొత్తగుటచేత, చూపరుల భ్రమయందును కొంత సత్యము లేకపోలేదు.

రెండవ ప్రశ్నకు సమాధానము రెండు కాలములకు రెండు విధములు. తొలినాళ్ళలో ఈ విశాలశరీరమునకు అమర్చినది అంబాసిడరునందలి 1,489 సి.సి. ఇంజనే, దాని శక్తి యించుమించు 50 అశ్వములు. ఠీవి జమీందారుది, జవసత్త్వములు గుమాస్తావి అన్నట్టుండెను. ఈ లోపమును గుర్తించిన సంస్థ, కొన్నేండ్లకు జపానుదేశపు ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనును, అయిదు గేర్ల పెట్టెను సమకూర్చగా, శక్తి 88 అశ్వములకు పెరిగెను. అద్దె ఇంజనుతో బ్రతికిన బండికి అప్పుడు గాని స్వరూపానురూపమైన ప్రాణము చేకూరలేదు. జనరల్ మోటార్స్ 1971 నుండియు ఇసుజులో భాగస్వామియై యుండుటచేత, ఆ శరీరమును ఈ ప్రాణమును దూరపు చుట్టములే యనవచ్చును.

ఇక మూడవ ప్రశ్న. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ 1944 ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించిన పిమ్మట మోటారు వాహనములకు తిరుమల అందుబాటులోనికి వచ్చెను. రెండవ మార్గము 1974లో ఏర్పడెను. సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల యెత్తుననున్న ఆ క్షేత్రమునకు, ఇంటిల్లిపాదిని సామానుతోసహా మోయుచు, టన్నుకు మించిన బరువుగల కారు మలుపు మలుపునకు వేగము కోల్పోయి మరల పుంజుకొనవలెనన్నచో, చిన్న ఇంజను క్రింది గేరునందే మొరపెట్టుచు వేడెక్కుట సహజము. ఇసుజు ఇంజనునకు ఆ ప్రయాస తక్కువ. కాని దిగునప్పుడు సమస్య బలము కాదు, బ్రేకు. బరువైన బండిని క్రింది గేరున నిలిపి ఇంజను పట్టుతో దింపుటయే డ్రైవర్లు యెఱిగిన సూత్రము. నిరంతరము బ్రేకును త్రొక్కువాడు దానిని కాల్చుకొనును.

నాలుగవ ప్రశ్నకు జవాబు కాలమే చెప్పినది. 1991 ఆర్థిక సంస్కరణల వెంట సియెలో, ఎస్టీమ్ వంటి తేలికైన, పొదుపైన కొత్త కార్లు వచ్చి పడగా, ఎక్కువ ఇంధనము త్రాగు ఈ బండి వెనుకబడి, 2002లో నిలిచిపోయెను. పూర్వజయగు అంబాసిడరు మాత్రము 2014 వరకు బ్రతికినది.

కొనదలచినవారికొక మాట: రంగు చూచి మురియక, తలుపుల అడుగునను నేలరేకునందును త్రుప్పు పట్టినదేమో వెదకుడు, బానెట్టు క్రింద నున్నది ఏ ఇంజనో నిర్ధారించుకొనుడు. రెండవదానిని బట్టియే మీరు కొనునది అలంకారమో వాహనమో తేలును.

కాంటెస్సాకు సత్తువనిచ్చిన ఇసుజు సంస్థ, ఆ కారు నిలిచిపోయిన పదునాలుగేండ్లకు, 2016లో, నాటి చిత్తూరు జిల్లాకును నేటి తిరుపతి జిల్లాకును చెందిన శ్రీసిటీలో కర్మాగారమును తెరచినది. అక్కడ నేడు పికప్ బండ్లు తయారగుచున్నవి.