వెన్నుపాము ఉద్దీపకం: నొప్పి చరిత్రలో రోగి మాట

ఉపోద్ఘాతం

గాయం మానినా నొప్పి మానకపోవడం నాడీసంబంధమైన దీర్ఘకాలిక నొప్పికి ప్రధాన లక్షణం. అది ఎక్స్‌రేలో కనిపించదు, రక్తపరీక్షకు అందదు. అందువల్ల బాధితులకు నొప్పితోపాటు తమ మాటను ఎవరూ నమ్మరన్న వేదన కూడా తప్పదు. ఇటువంటి నొప్పికి శరీరంలో అమర్చే పరికరం స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్, అంటే వెన్నుపాము ఉద్దీపకం. దీని చరిత్రను సాధారణంగా సాంకేతిక ప్రగతిగా వివరిస్తారు. రోగి మాట వైద్యంలో ప్రమాణంగా నిలబడిన క్రమం కూడా అందులో ఇమిడి ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిమిరి చేప

విద్యుత్తుతో నొప్పిని తగ్గించే ప్రయత్నం ప్రాచీనమైనది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, కీళ్లవాతంతో బాధపడేవారు సజీవమైన విద్యుత్ చేపపై పాదం మోపి, కాలు తిమ్మిరెక్కేవరకు ఉంచాలని సూచించాడు. విశాఖపట్నం తీరంలో సేకరించిన చేపలపై పాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన గ్రంథంలో ఈ జాతి చేపకు 'తిమిరి' అన్న స్థానిక నామమే నమోదైంది. ఈ పేరు 'తిమ్మిరి' శబ్దానికి సన్నిహితంగా ఉండటం గమనార్హం. రోమన్ వైద్యుడు చికిత్సకు వాడుకున్న అనుభవమే మన తీరంలో చేప పేరులో వినిపిస్తుంది.

ద్వార సిద్ధాంతం

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 'సైన్స్' పత్రికలో ద్వార నియంత్రణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. స్పర్శను మోసే మందమైన నాడీతంతువులు ఉత్తేజితమైతే, సన్నని తంతువులు తెచ్చే నొప్పి సంకేతానికి వెన్నుపాములోనే కొంత అడ్డుకట్ట పడుతుందన్నది దాని సారాంశం. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకోవడం ఇందుకు సులభమైన ఉదాహరణ. సిద్ధాంతంలోని వివరాలు తరువాత సవరణకు లోనైనా, చికిత్సకు అది దారి చూపింది. 1967లో నార్మన్ షీలీ అమెరికాలో, క్యాన్సర్ నొప్పితో బాధపడుతున్న రోగికి తొలిసారిగా ఈ పరికరాన్ని అమర్చాడు. ఎలక్ట్రోడ్‌ను రూపొందించినవాడు అప్పటికి ఇంజనీరింగ్ పరిశోధక విద్యార్థి అయిన థామస్ మార్టిమర్.

మాటే కొలమానం

శాశ్వతంగా అమర్చడానికి ముందు కొన్ని రోజులపాటు తాత్కాలిక తీగలతో పరీక్షిస్తారు. నొప్పి కనీసం సగం తగ్గిందని రోగి చెప్పడం సాధారణంగా అర్హతకు గీటురాయి. శస్త్రచికిత్సను నిర్ణయించేది ఇక్కడ యంత్రం కాదు, వాక్కు. మెల్జాక్ 1975లో రూపొందించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళి కూడా రోగులు వాడే విశేషణాలపైనే ఆధారపడింది. సలుపు, పోటు, తీపు, మంట అన్న మాటల మధ్య తేడా తెలుగు రోగికి స్పష్టం. వాటన్నిటినీ 'నొప్పి' అన్న ఒక్క మాటకు కుదిస్తే రోగి చెప్పినదానిలో కొంత జారిపోతుంది.

పరికరంతో జీవనం

ఉద్దీపకం నొప్పికి మూలాన్ని తొలగించదు. సంప్రదాయ పద్ధతిలో నొప్పి స్థానంలో తేలికపాటి తిమ్మిరి కలుగుతుంది. పడుకున్నా, వెనక్కి వాలినా దాని తీవ్రత మారుతుంది. తీగ కదలవచ్చు, బ్యాటరీ మార్పుకు మళ్లీ శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎమ్మారై పరీక్షకు ముందు, విమానాశ్రయ తనిఖీలో పరికరం సంగతి చెప్పి తీరాలి. 2000లో కెమ్లర్ బృందం ప్రకటించిన ప్రయోగంలో చికిత్సకు ఎంపికైన 36 మందిలో తాత్కాలిక పరీక్ష ఫలించి శాశ్వత పరికరం పొందినవారు 24 మంది. ఆరు నెలలకు నొప్పి తగ్గినా, అవయవాల పనితీరు మెరుగుపడలేదు. అంటే ఉపశమనం వేరు, స్వస్థత వేరు. మిగిలిన నొప్పితో బతకడం రోగి నిత్యకృత్యం. పరికరం అమరింది కాబట్టి బాధ తీరిందని కుటుంబం, కార్యాలయం భావిస్తే పాత అపనమ్మకమే కొత్త రూపంలో తిరిగివస్తుంది.

ముగింపు

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, తన అనుభవం నొప్పి అని వ్యక్తి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని స్పష్టం చేసింది. తాత్కాలిక పరీక్షలో రోగి మాటను ప్రమాణంగా స్వీకరించే వైద్యం, అమరిక తరువాత కూడా దానిని అంతే శ్రద్ధగా వినాలి. ఆ మాటలు తెలుగులో ఉన్నప్పుడు వాటి అర్థచ్ఛాయలను సేకరించి, వర్గీకరించి వైద్యులకు అందించడం తెలుగు పరిశోధకుల బాధ్యత.