మెట్లెన్ని, బావి ఎటు?

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలండ్‌లో అమెరికా ప్రభుత్వం 1910 నుంచి 1940 దాకా వలసదారుల విచారణ కేంద్రం నడిపింది. 1882 నాటి చట్టం చైనా కూలీలను రానివ్వలేదు; అమెరికా పౌరుల పిల్లలకు, వ్యాపారుల పిల్లలకు మాత్రం ప్రవేశం ఉండేది. తేల్చాల్సింది ఈ కుర్రాడు ఆ తండ్రి కొడుకేనా అన్నది. కానీ 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో నగరపు జనన రికార్డులు బుగ్గయ్యాయి. కాగితం లేకపోయేసరికి అధికారులు జ్ఞాపకాన్ని పట్టుకున్నారు. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం డబ్బా ఎక్కడ పెడతారు? బావి ఎటువైపు? ఇవే ప్రశ్నలు తండ్రినీ బంధువులనూ విడివిడిగా అడిగి, జవాబులు సరిపోల్చేవారు. పొంతన కుదరకపోతే కుర్రాడు తిరుగు ఓడ ఎక్కాల్సి రావచ్చు.

ఇలాంటి పరీక్షలో నెగ్గేది బట్టీ పట్టినవాడే. డబ్బిచ్చి కాగితాల మీద మాత్రమే కొడుకులైనవాళ్లు ఊరి వివరాలతో రాసిన ప్రశ్నోత్తరాలు ఓడలో కంఠస్థం చేసి, రేవు చేరేలోపు సముద్రంలో పారేసేవారు. సొంత కొడుకేమో మెట్ల లెక్క దగ్గర తడబడేవాడు. ఎవరు మాత్రం తమ ఇంటి మెట్లు లెక్కపెట్టుకుంటారు? చివరికి అసలు బిడ్డలూ ఆ కాగితాలు వల్లెవేయక తప్పలేదు. మోసం నిజంగానే ఉన్నప్పుడు అధికారి ఇంకేం చేస్తాడని అడగవచ్చు. మోసం ఉన్నమాట వాస్తవం. 1956లో ప్రభుత్వం ఒప్పుకోలు పథకం పెడితే వేలమంది తమ పేర్లు, బంధుత్వాలు కల్పితమని చెప్పారు. అయితే వాళ్లలో చాలామంది ఇటువంటి విచారణలు దాటుకుని వచ్చినవాళ్లే. మోసాన్ని పట్టడానికని పెట్టిన వలలో మోసగాడు చిక్కలేదన్నమాట.

ఆశ్రయం కోరేవారి సంగతి వేరు, వాళ్లకు సంశయలాభం ఇస్తున్నారు కదా అని మరో వాదన. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1979 నాటి చేతిపుస్తకంలో అలాగే ఇమ్మంది. ఆచరణలో మాత్రం మొదటి ఇంటర్వ్యూనీ, రాతపూర్వక వాంగ్మూలాన్నీ, ట్రిబ్యునల్ ముందు చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం పోలేదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఈ పద్ధతికి పెద్ద దెబ్బ. బ్రిటన్‌లో ఉండటానికి అప్పటికే అనుమతి పొందిన కొసావో, బోస్నియా శరణార్థులను అందులో రెండేసిసార్లు ప్రశ్నించారు. అబద్ధమాడాల్సిన అవసరమే లేనివాళ్ల కథనాల్లోనూ తేడాలొచ్చాయి, అవీ ముఖ్య విషయాల్లో కంటే పక్క వివరాల్లో ఎక్కువ. మానసిక గాయం తీవ్రంగా ఉన్నవారిలో రెండు ఇంటర్వ్యూల మధ్య ఎడం పెరిగేకొద్దీ తేడాలూ పెరిగాయి.

ఇది న్యాయస్థానాలకు తెలియని సంగతేమీ కాదు. జ్ఞాపకం వీడియో టేపు కాదని, చిన్నచిన్న తేడాలతో సాక్షిని కొట్టిపారేయరాదని మన సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. ప్రాణభయంతో ఉన్న దరఖాస్తుదారు కథకు కాస్త రంగులద్దడంలో వింత లేదని ఆస్ట్రేలియా హైకోర్టు న్యాయమూర్తులు గమ్మో, హేన్ 1999లో అన్నారు. అమెరికా మాత్రం వెనక్కి నడిచింది. తేడా కేసు ఆయువుపట్టుకు సంబంధించినదై ఉండాలని అక్కడి పలు అప్పీలు కోర్టులు పట్టుబట్టేవి. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ఆ షరతు ఎత్తేసి, ఎంత పక్క వివరంలో పొరపాటు దొర్లినా దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని జడ్జీలకు అధికారమిచ్చింది.