తోక లేని రెక్కకు పరీక్ష

తెల్లవారుజాము ఐదున్నర. ఇంగ్లండ్‌లో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద ఉన్నాం. కాంక్రీటు పలకల సందుల్లో గడ్డి మొలిచింది. ఆకు కదలడం లేదు. ఈ పనికి ఇదే వేళ, చిన్న గాలితెర వచ్చినా అంకెలు చెడిపోతాయి.

ట్రక్కు మీద స్తంభం, దాని కొసన పది మీటర్ల రెక్క. ఇంజను లేదు, సీటు లేదు. రెక్క కింద పైలట్‌ను, ఇంజనును మోసే బండి, అంటే ట్రైక్, వేలాడాల్సిన చోట బలాన్ని కొలిచే లోడ్ సెల్స్ బిగించారు. రెక్క ఎంత లేస్తోందో, ఎంత వెనక్కి లాగుతోందో, ముక్కు ఎటు తిరగాలని చూస్తోందో అవే చెప్పాలి.

బయల్దేరాం. వేగం ఎనభై దగ్గర నిలిచింది. ట్రక్కు పైకప్పు అద్దంలోంచి చూడండి. మోటారు రెక్క ముక్కును డిగ్రీ డిగ్రీగా దించుతోంది. లిఫ్ట్ సున్నాకు చేరింది. అప్పటిదాకా బిర్రుగా ఉన్న గుడ్డ వదులై టపటపా కొట్టుకుంటోంది. రెక్క పైన నిలిచే కింగ్‌పోస్ట్ కొన నుంచి రెక్క వెనక అంచుకు దిగే సన్నటి తాళ్లున్నాయే, అవి లఫ్ లైన్లు. ఇంతసేపూ వదులుగా వేలాడినవి ఇప్పుడు బిగిశాయి. కుచ్చిళ్లు తడవకుండా ఎత్తిపట్టినట్టు వెనక అంచును పైకి పట్టి ఉంచాయి. తెర మీద అంకె ఇంకా ముక్కు పైకే అంటోంది.

ఆ అంకె మీదే పైలట్ ప్రాణం ఆధారపడి ఉంది. ట్రైక్‌కు తోక లేదు. పైలట్ తన బరువును ముందుకో వెనక్కో జరిపి నడుపుతాడు. రెక్క ఆ బరువు మోస్తున్నంతసేపే అది పనిచేస్తుంది. లిఫ్ట్ పోతే చేతిలో ఉన్న బార్ ఉత్త గొట్టం. ముక్కు లేపుకోవాల్సింది రెక్కే. 1970లలో ఇలాంటి తాళ్లు లేని హ్యాంగ్ గ్లైడర్లు డైవ్‌లోంచి తేరుకోలేక ఎందరినో బలిగొన్నాయి. ట్రైక్ ముక్కు మీదుగా గిరగిరా దొర్లడం గురించి గై గ్రాటన్, సైమన్ న్యూమన్ 2003లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ దొర్లుడు మొదలయ్యాక బయటపడే దారి దాదాపు లేదు, మొదలవకుండా చూసుకోవాల్సిందే.

రెండో పరుగు. తాళ్లు కాస్త వదులు చేశాం, అంతే. అదే వేగం, అదే కోణం. అంకె సున్నా దాటి కిందికి జారింది. క్యాబిన్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ట్రైక్ నడిపేవాళ్లకు ఒక్క మాట. రెక్క గుడ్డ (సెయిల్) మార్పించినా, రెక్క దేనికైనా తగిలినా, లఫ్ లైన్లను తయారీదారు ఇచ్చిన కొలతతో సరిచూడండి. బార్ తేలిగ్గా కదులుతుందని మాత్రం వాటిని వదులు చెయ్యకండి.