గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్

గుండెకు వచ్చే ప్రాణాంతక సమస్యల్లో తరచూ ఒకదాన్ని మరొకటిగా పొరబడేవి ఈ మూడు. మొదటిది రక్తసరఫరా ఆగడం, రెండోది లయ చెదరడం, మూడోది శరీరానికి సరిపడా రక్తాన్ని గుండె పంపలేకపోవడం. ఒకటి మరోదానికి దారితీయవచ్చు గానీ చికిత్సలు వేరు.

గుండెపోటులో సాధారణంగా కరొనరీ ధమనిలో పేరుకున్న కొవ్వు చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ ధమని మీద ఆధారపడ్డ కండరం చచ్చుబడటం మొదలవుతుంది. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ప్రధాన లక్షణాలు. మధుమేహం ఉన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు. రోగి చాలావరకు స్పృహలోనే ఉంటాడు. ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షలతో నిర్ధారిస్తారు.

బతికున్న రోగిలో గుండెపోటును ముందుగా గుర్తించిందెవరన్నది వివాదాస్పదం. అమెరికన్ గ్రంథాలు వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912 వ్యాసాన్ని చూపుతాయి. కీవ్ వైద్యులు ఒబ్రాజ్‌త్సోవ్, స్ట్రాజెస్కోల వివరణ 1910లోనే అచ్చయింది కనుక తేదీల లెక్కన వారే ముందు. అయితే గుండెపోటు వచ్చినా బతకవచ్చన్న సంగతిని వైద్యలోకం తలకెక్కించుకోవడానికి హెరిక్ రచనలే ఎక్కువగా తోడ్పడ్డాయంటారు. గడ్డ కారణమా, పర్యవసానమా అన్న వాదన ఆ తర్వాతా సాగింది. లక్షణాలు మొదలైన 4 గంటల్లోపు ఆంజియోగ్రామ్ తీసినవారిలో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుపోయిందని 1980లో వైద్యుడు డీవుడ్ బృందం చూపాక అది దాదాపు సద్దుమణిగింది.

కార్డియాక్ అరెస్ట్‌లో మనిషి క్షణాల్లో కుప్పకూలతాడు. నాడి అందదు. చాలా సందర్భాల్లో గుండె కింది గదులు ఊరికే వణుకుతాయి, రక్తం ముందుకు కదలదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్ ఇలాగే పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి, డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇచ్చి బతికించారు. ఐసీడీ (ఒంట్లోనే ఉండే డీఫిబ్రిలేటర్) అమర్చాక 2022 ఫిబ్రవరిలో మళ్లీ మైదానంలోకి దిగాడు. పెద్దవారికి సీపీఆర్‌లో రొమ్ము ఎముక మీద నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెంటీమీటర్లు దిగేలా అదమాలి. తెలుగు రాష్ట్రాల్లో అయితే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా అదుముతూనే ఉండాలి.

హార్ట్ ఫెయిల్యూర్ సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది. పాత గుండెపోటు, అధిక రక్తపోటు, కవాటాల జబ్బు ముఖ్య కారణాలు. మెట్లెక్కితే ఆయాసం, రెండు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గాని నిద్రపట్టకపోవడం, పాదాల వాపు దీని గుర్తులు. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు గుండె గది బయటికి పంపే రక్తం వాటా) 40 శాతానికి మించకపోతే పంపింగ్ తగ్గిన రకంగా లెక్కిస్తారు. 50 శాతం ఉన్నా గుండె బిగుసుకుపోయి ఇవే బాధలు రావచ్చు. రోజూ పొద్దున బరువు చూసుకోమని వైద్యులు చెబుతారు. రెండు మూడు రోజుల్లోనే దాదాపు 2 కిలోలు పెరిగితే అది ఒంట్లో నీరు చేరడం వల్ల కావచ్చు, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.